కరెంటు వచ్చాక

"మిక్సీ స్విచ్ బంద్ చేయకుండ పోతే ఎట్లమ్మా? కరెంట్ రాంగనే ఉత్తగ తిరిగి తిరిగి మోటర్ కాలింది."

"కరెంట్ పోయింది గదా కొడుకా. యాది మరిచిన," అంది సమ్మమ్మ. "దానికే గింత లొల్లా? బాపు సంవత్సరీకం నాడు ఆయన చెప్పిన మల్లన్న కథ వినిపిస్తనన్నవు. అదొక్కటి మరువకు."

మధు కాలిన మిక్సీని పక్కకు జరిపాడు. బూట్లు తొడుక్కుంటున్న సుకన్య భర్త ముఖంలోకి చూసి తల దించుకుంది.

ఆ కథ ఇక లేదని అత్తకు ఇంకా చెప్పలేదు.

సుకన్య సైబర్ క్రైమ్ ఎస్సై. మధు హసన్‌పర్తిలో ఒక కాలేజీ కంప్యూటర్ ల్యాబ్ ఇన్‌ఛార్జి. ఒగ్గు కథలు చెప్పే ముసలివాళ్ల గొంతులను ఆ కాలేజీ రికార్డు చేసి ఒక లినక్స్ సర్వర్‌లో దాచింది. చనిపోయిన మధు తండ్రి మొండయ్య గొంతు కూడా అందులోనే.

శుక్రవారం మధ్యాహ్నం సర్వర్ మొత్తం చెరిగిపోయింది. దాని మీద కొత్త సిస్టమ్ కూర్చుంది. రెండో కాపీ లేదు. ల్యాబ్ తాళంచెవి ఉన్నది టెక్నీషియన్ హమ్మాద్ దగ్గర, అందుకే అనుమానం అతని మీద.

కంప్లయింట్ రాసే ముందు ఒకసారి చూడమని ప్రిన్సిపాల్ శ్యాంసుందర్ ఆమెను పిలిచారు.

"తాళం ఎప్పుడు వేశావు?" ల్యాబ్‌లో హమ్మాద్‌ను అడిగింది సుకన్య.

"కరెంట్ పోంగనే మేడం. జుమ్మా నమాజ్‌కు పోయిన."

"ఎవరైనా చూశారా?"

"మస్జిదంత చూసింది. దూరంకెళ్లి గూడ చెయ్యొచ్చని ప్రిన్సిపాల్ సార్ అంటున్నరు. మా అమ్మీ రెండు దినాలసంది తింటలేదు మేడం."

సుకన్య సర్వర్ స్క్రీన్ చూసింది. కొత్త సిస్టమ్ ఎక్కడం మొదలైంది 1:42కు.

"కరెంట్ ఎప్పుడొచ్చింది?"

"ఒకటీ నలభైకని వాచ్‌మన్ చెప్పిండు."

ఆమె చెయ్యి కీబోర్డు మీద ఆగిపోయింది. పొద్దున్న కాలిన మిక్సీ గుర్తొచ్చింది.

"ఆ రోజు ల్యాబ్‌లో ఏం పని?"

హమ్మాద్ తటపటాయించాడు.

"అన్ని మెషిన్లకు కొత్త లినక్స్. పెన్‌డ్రైవ్‌తోని ఒక్కొక్కటి చేద్దామన్న. డిస్క్ చెరపాల్నా అని అడుగుతది, చూసి అవునంటం. మధు సార్ నెట్‌వర్క్ మీంచి చేద్దామన్నరు, జల్దీ అయితదని. అండ్ల అడుగుడుండది. జవాబులు ముందే సార్ ల్యాప్‌టాప్‌ల రాసి పెడ్తం."

సుకన్య సర్వర్ సెట్టింగులు తెరిచింది. ఆన్ కాగానే సిస్టమ్ కోసం ముందు ఎక్కడ వెతకాలి? మొదటి వరుసలో నెట్‌వర్క్.

రేపటిదాకా కంప్లయింట్ ఆపమని ప్రిన్సిపాల్‌కు చెప్పి వచ్చేసింది.

సాయంత్రం ముగ్గురూ అన్నానికి కూర్చున్నారు. సమ్మమ్మ రోట్లో నూరిన పచ్చడి వడ్డించింది.

"దొంగ దొరికిండా?" మధు తలెత్తకుండా అడిగాడు.

"దొంగ లేడు. యూపీఎస్ బ్యాటరీలు ఖతమైనయి, కరెంట్‌తోపాటే సర్వర్ బంద్ అయింది. నీ ల్యాప్‌టాప్ బ్యాటరీ మీద నడుస్తనే ఉంది. కరెంట్ రాంగనే సర్వర్ దానంతటదే లేచి మొదలు నెట్‌వర్క్‌ను అడిగింది. చెరుపుమని నీ జవాబు తయారుగ ఉండె. సర్వర్‌ల ఆ వరుస ఎవరు పెట్టిన్రు?"

ముద్ద మధు చేతిలోనే ఉండిపోయింది.

"నేనే. నిరుడు మొదటిసారి లినక్స్ వేసినప్పుడు. తర్వాత మార్చుడు యాది మరిచిన."

"రేపు నా రిపోర్ట్ పోతది. నింద హమ్మాద్ మీద పడ్డది, వాళ్ల తల్లి రెండు దినాలసంది తింటలేదు."

"ఏం చెరిగింది కొడుకా?" అంది సమ్మమ్మ.

"బాపు గొంతు. మళ్ల రాదమ్మా."

ఆమె పచ్చడి గిన్నెను తన వైపు జరుపుకుంది. ఏడవలేదు.

"పొద్దుగాల ప్రిన్సిపాల్‌కు నేనే చెప్త," అన్నాడు మధు. "నౌకరి పోతే పోనీ."

సమ్మమ్మ గిన్నె మీద మూత పెట్టింది.

"మొదలు ఆ పిల్లగాని ఇంటికి పోదాం. నేను గూడ వస్త. ఆ తల్లి ఇంత తిన్నంక నువ్వు కాలేజీకి పో."