రేడియో గొంతులో గరగర

రేడియో "గర్ర్" మంది. తర్వాత వార్తలు చదివే ఆయన గొంతు వచ్చింది. అదీ ఒక గొంతేనా! రేకు మీద గులకరాళ్ళు దొర్లించినట్టుంది.

"నిన్నటిదాకా బాగుండె కదా! ఏమైంది దీనికి?" అని ఆదెప్ప రేడియో నెత్తిన రెండు తట్టాడు. గరగర ఇంకా ఎక్కువైంది.

ఆయన కూతురు మునిలక్ష్మి గడప దగ్గరే బిగుసుకుపోయింది. ఏమైందో ఆ పిల్లకు తెలుసు.

ముందురోజు బడిలో సారు అయస్కాంతం చూపించాడు. ఊరి వాగులోని ఇసుకలో తిప్పితే దానికి నల్లటి ఇనప పొడి అంటుకొచ్చింది. మునిలక్ష్మి ఆ పొడిని పొట్లం కట్టి ఇంటికి తెచ్చుకుంది. రేడియో స్పీకర్లో కూడా పెద్ద అయస్కాంతం ఉంటుందని సారు అన్నాడు. మరి చూడొద్దూ! ఇంట్లో ఎవరూ లేనప్పుడు, రేడియో వెనక అట్ట సందులోంచి పొట్లం వంచింది. పొడి జుయ్యిమని లోపలికి పోయి అతుక్కుంది. పుల్లతో ఎంత గీకినా తిరిగి రాలేదు.

పోనీ, ఈ రోజేమన్నా మామూలు రోజా? పోయిన నెలలో కడప రేడియో వాళ్ళు ఆ పల్లెకు వచ్చారు. మునిలక్ష్మి అవ్వ బయ్యమ్మ పాడిన కలుపు పాటలు రికార్డు చేసుకుపోయారు. ఆ పాటలు ఈ సాయంత్రమే వస్తాయి. మళ్ళీ వేస్తారో లేదో తెలియదు. అవ్వ తన గొంతు తాను ఎన్నడూ విని ఎరగదు. పల్లెలో రేడియో ఉన్నది వాళ్ళింట్లోనే.

"నేనే చేతులారా చెడగొడితిని," అంది బయ్యమ్మ. ఆమె మొహం పాలిపోయింది. "పాట వస్తాదని పొద్దన్నే తడిగుడ్డతో తుడిస్తి. నీళ్ళు లోపలికి పోయుంటాయి. నా కర్మ!"

"ఊరికుండమ్మా. పుంగనూరికి తీసుకపోయి సూపిస్తా," అన్నాడు ఆదెప్ప.

మునిలక్ష్మి పొడి సంగతి చెప్పబోయి ఆగిపోయింది. "నేనూ వస్తా నాయనా," అని మాత్రం అంది.

పుంగనూరు బస్టాండు పక్కనే గోవిందస్వామి రిపేరు షాపు. బల్ల నిండా విప్పి పెట్టిన రేడియోలే. ఆయన స్విచ్చి వేసి, చెవి దగ్గరగా పెట్టి విన్నాడు.

"వాల్వు కావచ్చు, కండెన్సరు కావచ్చు, స్పీకరు కావచ్చు. ఒక్కోటీ విప్పి సూడల్ల. ముందొచ్చినవి ఇన్ని ఉండాయి. రేపు రాప్పా."

"సాయంత్రం మాయమ్మ పాట వస్తాది సామీ! పల్లెంతా ఎదురు సూస్తాండారు."

"యాడ చెడిందో తెలిస్తే ఇప్పుడే చేసిస్తును. తెలీకుండా ఎట్లప్పా? కింద పడిందా? ఏమన్నా తగిలిందా?"

"మాయమ్మ తడిగుడ్డతో తుడిసిందంట."

"తడిగుడ్డకు ఇట్ల అరవదే," అని గోవిందస్వామి తల గోక్కున్నాడు.

ఆదెప్ప మొహం వాడిపోయింది. బస్సు ఎప్పుడుందో కనుక్కొస్తానని బస్టాండుకు పోయాడు.

మునిలక్ష్మి బల్ల దగ్గరికి జరిగింది. చెబితే తంతారేమో. చెప్పకపోతే అవ్వ పాట పోతుంది.

"సామీ... స్పీకర్లో ఇనప పొడి ఉండాది. నేనే పోసినా."

గోవిందస్వామి కళ్ళజోడు పైకి నెట్టి ఆ పిల్లను చూశాడు. తర్వాత స్క్రూడ్రైవరు అందుకున్నాడు.

"వైద్యుడి దగ్గర, వకీలు దగ్గర దాచకూడదంటారు. రేడియో రిపేరోణ్ణి మర్సిపోయినారు పెద్దోళ్ళు! ఆ టార్చిలైటు పట్టుకో."

స్పీకరు బయటికి వచ్చింది. దాని నల్లటి కాగితాన్ని ఆయన బొటనవేళ్ళతో మెల్లగా నొక్కాడు. గర్ మంది.

"వింటివా? ఈ కాగితం ముందుకీ వెనక్కీ ఆడితేనే పాట. నడుమ సన్న సందుంటాది. నీ పొడి ఆడ ఇరుక్కోనుండాది."

"ఊదితే పోదా సామీ?"

"అయస్కాంతం ఊరికే వదుల్తాదా?"

ఆయన స్పీకరు మధ్యలో ఉన్న గుండ్రటి కాగితం మూతను బంక కరిగించే మందు చుక్కతో తడిపి, బ్లేడుతో పైకి లేపాడు. పాత ఫిల్ము ముక్కకు పుండుకు వేసే ప్లాస్టరును జిగట పైకి వచ్చేట్టు చుట్టి, సందులో పెట్టి తిప్పాడు. బయటికి తీస్తే నల్లటి పొడి! ఇంకో ముక్క. మళ్ళీ ఇంకొకటి. చివరికి ప్లాస్టరు తెల్లగానే వచ్చింది. మళ్ళీ నొక్కితే చప్పుడే లేదు. మూతకు బంక పూసి అతికించాడు.

ఆదెప్ప తిరిగి వచ్చేసరికి రేడియో గలగలా మాట్లాడుతోంది.

"ఏముండె సామీ?"

"స్పీకర్లో చెత్త పడుండె," అన్నాడు గోవిందస్వామి. మునిలక్ష్మి వైపు ఒకసారి చూసి ఊరుకున్నాడు. అమ్మయ్య, బతికాననుకుంది ఆ పిల్ల.

సాయంత్రానికి ఇంటి ముందర జనం కిటకిటలాడుతున్నారు. బయ్యమ్మ మాత్రం దూరంగా గోడవార కూర్చుంది. అసలే ఆమెకు చెవులు మందం. అక్కడికి ఏం వినపడుతుంది?

"ముందుకు రా అవ్వా," అంది మునిలక్ష్మి.

"నేను రాను తల్లీ. నా పాడు చెయ్యి తగిల్తే మళ్ళా చెడిపోతాది. ఈడ్నే ఉంటా."

"ఇప్పుడు కలుపు పాటలు..." అంది రేడియో.

మునిలక్ష్మి చుట్టూ చూసింది. నాయన అక్కడే ఉన్నాడు. ఊరంతా అక్కడే ఉంది.

"అవ్వా! నీ తడిగుడ్డ కాదు. నేను ఇనప పొడి పోసినా. నువ్వేం చెడగొట్టలే!" అని గట్టిగా అరిచింది.

అందరూ తిరిగి చూశారు. ఆదెప్ప కళ్ళు ఎర్రబడ్డాయి. మునిలక్ష్మి ఆగలేదు. పరిగెత్తుకుంటూ పోయి అవ్వ చెయ్యి పట్టుకుని లాక్కొచ్చి, స్పీకరు ఎదురుగా కూర్చోబెట్టింది.

"పొద్దన్నుంచి నా ఉసురు తీస్తివి కదే!" అని బయ్యమ్మ మనవరాలి నెత్తిన ఒక్కటి మొట్టింది. కానీ చెయ్యి వదల్లేదు.

అంతలో పాట మొదలైంది. బయ్యమ్మ కళ్ళు పెద్దవి చేసుకుంది.

"ఎవురే ఈమె? ఇంత గట్టిగా అరస్తాండాది!"

అందరూ గొల్లున నవ్వారు. ఆదెప్ప మాత్రం నవ్వలేదు. నాయన వైపు చూడాలంటే మునిలక్ష్మికి ఇంకా భయంగానే ఉంది. అయినా ఇక దాచేదేముంది? తల ఎత్తి నాయన కళ్ళలోకే చూసింది.