లిఫ్టులో ఆగిన ఓటు

"నేను పోతే పోయేదాన్నమ్మా. కానీ నన్ను లిఫ్టులో బంధించి, పక్క హాల్లో కూర్చుని నా ఇల్లు అమ్మేశారు. అందుకే నా కడుపు మండుతోంది."

హోర్టెన్సియా కిరోగా ఆస్పత్రి నుంచి తిన్నగా డెల్ఫీనా రోకా డిటెక్టివ్ ఆఫీసుకు వచ్చింది. డెబ్బై దాటిన మనిషి, చక్రాల కుర్చీ. గొంతు ఇంకా బొంగురుగానే ఉంది. డెల్ఫీనా సహాయకుడు వెండెల్ ఇచ్చిన కాఫీని అందుకుంది.

మయామీ తీరంలోని ఆ పాత అపార్ట్‌మెంటును మొత్తంగా ఒక బిల్డరుకు అమ్మాలని యజమానుల సంఘం అధ్యక్షుడు క్లిఫర్డ్ హస్కెల్ పట్టుబట్టాడు. ఇంకొక్క ఓటు వ్యతిరేకంగా పడితే అమ్మకం ఆగిపోయేది. ఆ ఓటు వేయడానికే హోర్టెన్సియా పై అంతస్తు నుంచి బయల్దేరింది. కిందికి చేరబోతుండగా లిఫ్టు ఆగిపోయింది. ఆగస్టు ఉక్క, గాలి ఆడని పెట్టె. సమావేశం ముగిశాకే మరమ్మతుల పనివాడు ఓస్నర్ తలుపు తెరిచి, స్పృహ తప్పిన ఆమెను బయటికి తీశాడు.

కరెంటు పోయిందన్నాడు హస్కెల్. మర్నాడు మాట మార్చి, తప్పంతా ఓస్నర్‌దేనంటూ అతన్ని పనిలోంచి తీసేశాడు.

"లిఫ్టులో దీపం ఆరిపోయిందా?" అడిగింది డెల్ఫీనా.

"లేదే! వెలుగుతూనే ఉంది. గంట నొక్కాను, తలుపు బాదాను, అరిచాను. ఎవరూ పలకలేదు. భయం ఆపుకోలేక మా ఆయనకిష్టమైన పాట పాడుకున్నాను. గొంతు ఎండిపోయాక ఏమైందో తెలీదు."

"పాట సంగతి ఇంకెవరికైనా చెప్పారా?"

"సిగ్గేసి ఎవరికీ చెప్పలేదమ్మా. నీకే చెబుతున్నా."

ఆ మధ్యాహ్నమే డెల్ఫీనా, వెండెల్ ఆ భవనానికి వెళ్లారు. లిఫ్టును ఆపడానికి కింద తలుపు పక్కనే తాళం కన్నం ఉంది. దాని తాళంచెవులు ముగ్గురి దగ్గరే ఉన్నాయి: ఓస్నర్, హస్కెల్, కార్యదర్శి మ్యూరియల్.

"నా తాళంచెవి నా దగ్గరే ఉంది మేడమ్," అన్నాడు గది ఖాళీ చేస్తున్న ఓస్నర్. "లిఫ్టు గంట నా గదిలో మోగుతుంది. కానీ ఆ వేళ ఈతకొలను మోటారు చూడమని హస్కెల్ సారే పంపారు. వెళ్తే దానికేం కాలేదు!"

మ్యూరియల్ తడబడింది. "నేను మైకు వదిలి కదల్లేదండీ. సమావేశం మధ్యలో క్లిఫర్డ్ మాత్రం ఐసు తెస్తానని వెళ్లొచ్చాడు."

"కరెంటు పోయిందా?"

"పోతే నా మైకెలా పనిచేస్తుంది?"

హస్కెల్ కాలు మీద కాలు వేసుకుని కూర్చున్నాడు. "ఏం మేడమ్, ముసలమ్మ నాటకం నమ్మేశారా?"

"మీరు లిఫ్టు వైపు వెళ్లారా?"

"ఐసు కోసం వంటగదికి వెళ్లాను. లిఫ్టు ఇంకో పక్క. అటు తొంగి కూడా చూడలేదు."

"ఆవిడ చావు తప్పి బయటపడింది."

"చావా? హాయిగా పాటలు పాడుకుంటూ కూర్చున్న మనిషికి చావేమిటండీ!"

వెండెల్ గబుక్కున తలెత్తాడు. డెల్ఫీనా మొహంలో మాత్రం ఏ మార్పూ లేదు. "థాంక్సండీ," అని లేచింది.

బయటికి రాగానే వెండెల్ పళ్లు కొరికాడు. "వాణ్ణి అక్కడే నిలదీయాల్సింది!"

"ఇల్లు పోయింది ఇంతమందిదైతే, మనిద్దరం వింటే సరిపోతుందా? అందర్నీ హాలుకు పిలువు."

సాయంత్రానికి హాలు నిండింది. డెల్ఫీనా గొంతు పెంచకుండా చెప్పింది.

"కరెంటు పోలేదు. లిఫ్టులో దీపం, ఇక్కడ మైకు రెండూ పనిచేశాయి. ఎవరో తాళం తిప్పి లిఫ్టు ఆపారు. గంట వినాల్సిన ఓస్నర్‌ని ముందే దూరంగా పంపేశారు. మ్యూరియల్ గారు మైకు దగ్గరే ఉన్నారని మీరందరూ చూశారు. హస్కెల్ గారూ, ఆవిడ పాడిందని మీకెలా తెలుసు?"

"ఎవరో... చెప్పారు."

"ఎవరు? ఆవిడ నాకు తప్ప ఎవరికీ చెప్పలేదు. ఈ హాల్లో మైకు హోరు. లిఫ్టు తలుపు దగ్గర నిలబడ్డవాడికే ఆ పాట వినిపిస్తుంది. జేబులో తాళంచెవి పెట్టుకునే విన్నారు. తిప్పితే ఆవిడ బయటపడేది. తిప్పలేదు. వచ్చి ఇక్కడ చేతులు లెక్కపెట్టారు."

"ఛీ! మనిషివేనా?" వెనక నుంచి ఎవరో అరిచారు. ఓస్నర్ రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు.

హస్కెల్ లేచాడు. "ఈ కొంప కూలిపోతోంది! ఒక్క ముసలమ్మ మొండితనానికి అందరం బలి కావాలా? నేను చేసింది నలుగురి మంచి కోసమే!"

హోర్టెన్సియా కుర్చీ తోసుకుంటూ అతని ఎదుటికి వచ్చింది.

"ఆ నలుగురిలో నేను లేనా నాయనా?"

ఓటున్న యజమానిని అడ్డుకుని చేసిన తీర్మానం చెల్లదని డెల్ఫీనా చెప్పింది. వెండెల్ పిలిచిన పోలీసులు హస్కెల్‌ని తీసుకెళ్లాక, మ్యూరియల్ మళ్లీ మైకు అందుకుంది. "అమ్మకం వద్దనేవాళ్లు చేతులెత్తండి."

మొదట హోర్టెన్సియా చెయ్యి లేచింది. తర్వాత, మొన్న అమ్మకానికి సై అన్నవాళ్లు కూడా తలలు వంచుకునే ఒక్కొక్కరుగా చేతులెత్తారు.