రసబిళ్ళ

పఠన వేళ మొదలైంది. గంట మోగలేదు. పిల్లలు నాలుక కింద రసబిళ్ళ సర్దుకుని పుస్తకాలు తెరిచారు.

చూపు పేజీలో చివరి వాక్యం దాటగానే బిళ్ళ నాలుక నరాన్ని మీటుతుంది. నోరంతా తీపి. అందులో చక్కెర లేదు, పళ్ళు పుచ్చవు. వేసవి సెలవులతో సహా ఏడాది పొడుగునా పిల్లలు ఆనందంగా చదవాలని ప్రభుత్వం చేసిన ఏర్పాటు అది. తీపి ఊరిన ప్రతిసారీ గోడ మీది ఆనందపట్టికలో ఆ పిల్లల పేరు ఎదుట అంకె పెరుగుతూ ఉంటుంది.

గ్రంథాలయం చూసుకునే భూపతికి ఆ గదిలో చప్పరింపులే వినిపించేవి. మేత వేసిన కొట్టంలో నిలబడ్డట్టుండేది. ఊడ్చే నర్సవ్వ అతని కోసం ఒక కిటికీ తెరిచి పోయేది. అందులోంచి వచ్చే వాన వాసన ఒక్కటే ఆ పూటకు ఊరట.

ఆ రోజు, అక్కడ చదివే ఇందుజ అనే అమ్మాయి తండ్రి ఓదెలు వచ్చాడు. తమంతట తామే నడిచే లారీలకు తోడుమనిషిగా పోయే పని అతనిది.

"సారూ, నా బిడ్డకు నేనంటే అసయ్యమైందా?"

"అట్లెందుకంటవ్ ఓదెలూ?"

"బండి దానంతటదే పోతది, నేను ఉత్తగ కూసుంట. తొవ్వల జూసిన ముచ్చట్లన్ని బిడ్డ కోసం మూటగట్టుకొస్త. నిన్న ముచ్చట షురూ జేసిన్నో లేదో, నా ముంగటనే కక్కింది. గిది మొదటిసారి గాదు. నన్ను జూస్తే డోకొచ్చే ఇంటికి నేనెందుకు రావాలె? రేపటి బండెక్కుత. మళ్ళ రాను సారూ."

భూపతి ఇందుజను పిలిచాడు. పట్టికలో అందరికంటే పైనున్న పేరు ఆమెదే.

"నాయినంటే కాదు సార్," అంది తల వంచుకుని. "ముచ్చట మొదలుగాంగనే నోట్లె తీపి ఊరుతది. బిళ్ళ లేకున్నా ఊరుతది. కడుపుల తిప్పుతది."

"మరి ఇన్ని దినాలు చెప్పలేదేం?"

"పట్టికల నేనే ముందున్న గద సార్."

భూపతి బీరువాలోంచి కొత్త బిళ్ళ తీసి నోట్లో పెట్టుకున్నాడు. ఆమె చదువుతున్న పుస్తకమే తెరిచాడు. వరద కథ. పేజీ చివర తల్లి చేతిలోంచి పసివాడి చెయ్యి జారిపోయింది.

తీపి వచ్చింది.

భూపతి ఉమ్మేశాడు. నోరు పుక్కిలించాడు. పోలేదు. చావింట్లో కూర్చోబెట్టి లడ్డూ కుక్కినట్టుంది. అతని భార్య సులోచన రోజూ రాత్రి అతనికి చదివి వినిపించేది. ఇలాంటి పేజీ వస్తే కళ్ళజోడు తీసి, కాసేపు ఊరుకునేది. ఆ ఊరుకోవడంలో ఇద్దరూ ఉండేవారు. ఆమె పోయాక అతన్ని నిలబెట్టింది కూడా అదే. ఈ పిల్లలకు ఆ కాసేపు లేకుండా చేశారు.

"బిళ్ళ తియ్యి బిడ్డా," అన్నాడు. ఆమె తీసి ఇచ్చింది. అతను దాన్ని చెత్తబుట్టలో పడేశాడు. "ఓదెలూ, ఈ కిటికీ కాడ కూసో. నిన్న ఆపిన ముచ్చట చెప్పు."

"కక్కుతది సారూ."

"కక్కనీ. బకెట్ నేను పట్టుకుంట. నువ్వు మాత్రం నడుమ ఆపకు."

ఓదెలు కిటికీ దగ్గర కూర్చున్నాడు. "నిర్మల్ తొవ్వల హోటలు కాడ బొగ్గు ఉంటది గద బిడ్డా... నల్ల కుక్క..."

ఇందుజకు వాంతి వచ్చింది. ఓదెలు ఆగబోయాడు. భూపతి ఒక చేత్తో బకెట్ పట్టుకుని, రెండో చేత్తో ఆమె నుదురు పట్టుకున్నాడు. చెప్పమని కళ్ళతోనే సైగ చేశాడు.

"నేను దిగంగనే ఉరికొచ్చేది. మొన్న రాలే. దాని గిన్నె ఒక్కటే బోర్లేసున్నది. మనిషి లేని బండేదో తొక్కి పోయిందట. నేను తీస్కపోయిన రొట్టె ఆ గిన్నె మీదనే వెట్టొచ్చిన."

ఓదెలు ఊరుకున్నాడు. ఇందుజ కళ్ళు నిండాయి. ఒక చుక్క చెంప మీదుగా జారి పెదవి చేరింది. ఆమె దాన్ని నాలుకతో అందుకుంది.

"ఉప్పగున్నది," అంది ఆశ్చర్యంగా.

ఆమె నోట్లో బిళ్ళ లేదని గోడ మీది పట్టిక కూత పెట్టింది. ఇందుజ పేరు ఎదుట అంకె చెరిగి ఎర్రటి సున్న పడింది. గదిలో చప్పరింపులు ఆగాయి, తలలన్నీ అటు తిరిగాయి.

ఇందుజ మాత్రం అటు చూడలేదు. బకెట్ పక్కకు నెట్టి తండ్రి చొక్కా చెయ్యి పట్టుకుంది.

"బొగ్గుకు పిల్లలుండె గద నాయినా. అవేమైనయ్?"