లిఫ్టు గోతిలో మాట

మధ్యాహ్నం భోజనాల వేళ ఆ బట్టల కార్ఖానాలో మిషన్లన్నీ ఆగిపోతాయి. అప్పుడు కిటికీ రెక్క కదిలినా వినిపిస్తుంది. మూడో అంతస్తులో గుండీలు కుట్టే ఆవిడ చెవులు మాత్రం సరుకు లిఫ్టు వైపే ఉంటాయి.

ఆ లిఫ్టు మెకానిక్ ఆమె మొగుడు. ఇక్కడే పనిచేసే అతని మొదటి భార్య ఆ లిఫ్టుకీ స్లాబుకీ మధ్య నలిగి చనిపోయింది. జాలీ తలుపు మూస్తే గానీ లిఫ్టు కదలకూడదు. కానీ మాటిమాటికీ మూసే ఓపిక ఎవరికుంది? తలుపు మూసినట్టే ఉండేలా దాని మీటలో దారపు ఉండ కుక్కి, తలుపు తెరిచి ఉంచే లిఫ్టు నడిపేవాళ్ళు. ఇప్పటికీ అంతే.

"నీ సవతి ఇంకా డ్యూటీ దిగలేదే," అంది ఇస్త్రీ ఆవిడ డబ్బా మూత తీస్తూ. "మీ ఆయన తిండి మానేసి ఆ గోతిలోనే కూర్చుంటాడు."

"గ్రీజు పెడుతున్నాడులే అక్కా."

"రోజూనా?"

ఆమెకు ఒళ్ళు మండింది. బతికున్నదైతే జుట్టు పట్టుకుని అడిగేది. పోయినదాన్ని ఏమని అడుగుతుంది?

లేచి, తెరిచే ఉన్న జాలీ దగ్గరికి వెళ్ళింది. లిఫ్టు పైఅంతస్తులో ఆగి ఉంది. ఫ్యూజు పీకి అతను జేబులో వేసుకోవడం ఇందాకే చూసింది. గోతిలోంచి గ్రీజు వాసన, తడి ఇనుము వాసన. అడుగున గుసగుస... అతని గొంతే.

"తిన్నావా? కాస్త దగ్గరికి రా..."

తనతో ఏనాడూ అంత మెత్తగా మాట్లాడలేదు. ఆమె తల లోపలికి పెట్టింది. చీకటి. ఇంకాస్త వంగింది.

"ఎవరండీ అక్కడ మీతో?"

"దగ్గరికి రా..."

పైన తాడు కిర్రుమంది.

ఎవరో నడుం పట్టి వెనక్కి లాగేశారు. ముక్కు ముందునుంచే లిఫ్టు కిందికి జారిపోయింది... ఖాళీగా, మోటారు చప్పుడే లేకుండా.

లాగింది మొగుడే. మెట్లెక్కి వచ్చిన ఆయాసం.

"మీరు... కింద లేరా?"

"ఆఫీసులో ఉన్నాను. ఫ్యూజు ఇదిగో, నా దగ్గరే ఉంది."

ఆమెను గుండెకు హత్తుకున్నాడు. పెళ్ళయ్యాక అంత గట్టిగా పట్టుకోవడం అదే మొదలు. ఆమెకు అది చాలనిపించింది. తనూ రెండు చేతులూ అతని చుట్టూ వేసింది. నాకేం కాలేదండీ, అనబోయింది.

"పోయినసారి ఇలా లాగలేదేం?"

నోరు ఆమెదే. గొంతు ఆమెది కాదు.

అతని చేతులు వదులయ్యాయి. ఆమె చేతులు వదల్లేదు. వదులు, వదులు అని లోపల్లోపల ఎంత మొత్తుకుంటున్నా... అవి అతన్ని మెల్లగా, జాగ్రత్తగా, తెరిచి ఉన్న జాలీ వైపు తిప్పుతున్నాయి.