టిష్యూ అంచున నీలి గీత

ఉదయం ఆరూ పదికి ఫోన్ వచ్చింది. ఆరున్నరకల్లా ఇన్‌స్పెక్టర్ షాపు వెనక గుమ్మం దగ్గర ఉంది.

ముసలాయన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నట్టే ఉన్నాడు. తల గోడకి ఆనుకుంది. పెదవుల మీద నురగ ఎండిపోయింది. కాళ్ల దగ్గర స్టీలు డబ్బా. అందులో ఒక ఎముక, సగం కొరికిన చికెన్ ముక్క. ఒళ్లో నలిగిన టిష్యూ కాగితం.

షాపు తెరిచిన మూణ్ణెల్ల నుంచీ రాత్రి కాపలా ఆయనదే. పేరు పెట్టి పిలిచినవాళ్లు లేరు. అందరికీ తాత.

ఆ షాపు సంగతి ఊరంతటికీ తెలుసు. విదేశీ కంపెనీ. ముప్పై దేశాల్లో ఒకే చికెన్, ఒకే రుచి, ఒకే రంగు కుర్చీలు. మొదటి వారం క్యూ రోడ్డెక్కింది. రెండో వారానికి జనం మొహం చాటేశారు. ఉప్పూ కారం లేని పథ్యం తిండికి ఇంత హంగామా ఏమిటన్నారు. తర్వాత ఏం మాయ జరిగిందో గాని, నెల తిరిగేసరికి క్యూ మళ్లీ మొదలైంది.

"రాత్రి పదకొండు, పన్నెండు మధ్యలో పోయాడు," అన్నాడు డాక్టర్. "గొంతు లోపల కాలింది. కెమికల్ ఏదో పడింది. ఎక్కువేం కాదు. గుండె ముందే బలహీనంగా ఉన్నట్టుంది, తట్టుకోలేకపోయింది."

ఇన్‌స్పెక్టర్ టిష్యూని చిన్న పటకారుతో ఎత్తింది. మధ్యలో ఎర్రటి మరక. దాని చుట్టూ సన్నటి నీలి గీత.

"పెన్ను ఇంకు మేడమ్," అన్నాడు హెడ్ కానిస్టేబుల్. "గేటు రిజిస్టరు ఈయనే రాస్తాడుగా."

"అయ్యుండొచ్చు. కవర్లో పెట్టండి."

తాత జేబులో పెన్సిలు మాత్రమే ఉంది. ఆమె దాన్ని చూసింది. దాన్నీ కవర్లో పెట్టించింది.

షాపు లోపల ముగ్గురు కూర్చున్నారు. ఇక్కడి పెట్టుబడి పెట్టిన ఓనరు. హెడ్డాఫీసు పంపిన ట్రైనరు. కంపెనీ రూలు పుస్తకాన్ని తు.చ. తప్పకుండా నేర్పడమే అతని ఉద్యోగం. రెండేళ్లు కష్టపడి తెలుగు నేర్చుకుని మరీ వచ్చాడు. మూడో మనిషి వంటగది చూసుకునే యాభై ఏళ్ల ఆవిడ. ఆవిడ్ని అందరూ అక్క అంటారు. ఒళ్లో చేతిసంచీని బిడ్డను పొదువుకున్నట్టు పొదువుకుంది.

ఇన్‌స్పెక్టర్ నోరు విప్పకముందే అక్క లేచింది.

"నేనే చంపానమ్మా. నన్ను తీసుకెళ్లిపోండి."

ఓనరు ఊపిరి పీల్చుకున్నాడు. "విన్నారుగా మేడమ్. మా వంటల్లో లోపం లేదు. ఈవిడే బయటి సరుకేదో తెచ్చి పెట్టింది."

"మిమ్మల్ని అడిగినప్పుడు చెబుదురు గాని. అక్కా, మీరు కూర్చోండి. రాత్రి ఏం పెట్టారు?"

"రెండు ముక్కలు. రోజూ పెట్టేవే."

"ఎన్నింటికి?"

"పదిన్నరకి. ముక్క వేయించాక ఇరవై నిమిషాలే ఉండాలి. గంట కొడితే పారేయాలి, ఇక్కడి రూలది. పారేసిందాని మీద ముక్కలు వేయించే ఫ్రయర్ కడిగే మందు కూడా పోస్తారు, ఎవరూ ఏరుకుని తినకుండా. నాకు చేతులు రావమ్మా. గంట కొట్టేలోపే రెండు ముక్కలు తీసి తాత డబ్బాలో వేస్తాను."

"మందు పోసింది కాదుగా?"

"అయ్యో, కాదు."

"మరి మీరెలా చంపారు?"

అక్క తల దించుకుంది. సంచీ మీద వేళ్లు బిగిశాయి.

ఇన్‌స్పెక్టర్ ఆవిడకి ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది. "తాత వేళ్లకి ఎర్రగా అంటుకుంది. ఈ షాపులో చికెన్ లేత పసుపు. సాస్ తెలుపు. ఎరుపు ఎక్కడి నుంచి వచ్చింది అక్కా? సంచీలో ఏముంది?"

రెండు సాస్ బాటిళ్లు బయటికొచ్చాయి. రెంట్లోనూ ముదురు ఎరుపు సాస్. ఒకటి నిండుగా, ఒకటి సగానికి.

"ఇంట్లో చేస్తాను," అంది అక్క. "మిరపకాయలు, వెల్లుల్లి, కొంచెం బెల్లం. ఆ చప్పటి ముక్క జనం నోటికి ఆనడం లేదని, రెండు నెలల నుంచి పొట్లంలో ఒక చెంచా వేస్తున్నాం. క్యూ అందుకే తిరిగొచ్చింది. నిండుది ఇవాళ్టికి తెచ్చాను. సగంది నిన్నటిది. అదేదో చెడిపోయి ఉంటుంది. నా చేతి సాస్ తినే తాత పోయాడు. తాతొక్కడేనా? ఇంకెంతమంది తిన్నారో!"

భోరుమంది. ఇన్‌స్పెక్టర్‌కి జాలేసింది. ఈ మనిషి జైలుకి భయపడటం లేదు. తన చెయ్యి మనిషిని చంపిందని నమ్మి కుమిలిపోతోంది. పొరపాటున ఈ కేసు ఇక్కడే ఆగిపోతే, ఆవిడ బతికినన్నాళ్లూ అలాగే నమ్ముతుంది.

"ఈ సాస్ సంగతి మీకు తెలుసా?" ఓనర్ని అడిగింది.

"నాకేం తెలుసు మేడమ్? నేను వంటింటి వైపే వెళ్లను."

"మీకో?"

ట్రైనరు నీళ్లు నమిలాడు. "నిన్ననే తెలిసింది."

ఇన్‌స్పెక్టర్ వంటగదిలోకి నడిచింది. స్టీలు బల్లలు తళతళలాడుతున్నాయి. గోడకి ఒక షీటు. ఏ ముక్క ఎప్పుడు పారేశారు, ఎన్ని పారేశారు, ఎవరు పారేశారు, అన్నీ అందులో రాయాలి. నిన్నటి తేదీ కింద ముప్పై అయిదు వరసలు. చివరిది తప్ప అన్నీ ఒకే చేతిరాత. ఒకే పెన్ను. సరిగ్గా ఇరవై నిమిషాలకొకటి.

వెనకే వచ్చిన ఓనరు నవ్వబోయాడు. "దాన్ని చూడకండి మేడమ్. కాకిలెక్కలు. రాత్రి ఒకరు కూర్చుని మొత్తం నింపేస్తారు. అన్నేసి సార్లు రాసే తీరికెవరికి?"

"ముప్పై నాలుగు వరసలు కాకిలెక్కలే," అంది ఇన్‌స్పెక్టర్. "ఇదొక్కటీ కాదు."

చిట్టచివరి వరస. వేరే చేతిరాత, నిలువుగా, అచ్చు అక్షరాల్లా. సమయం 10:35. వస్తువు: ఇతరం. సంఖ్య: ఒకటి. మందు కలిపినది. కింద సంతకం.

ట్రైనరు తన సంతకం వైపు చూశాడు.

"ఈ షాపులో ఏ నిమిషానికి చేసింది ఆ నిమిషానికే రాసే మనిషి మీరొక్కరే కదూ?"

"అవును."

"ఇతరం అంటే ఏమిటి?"

"ఆ ఎర్ర సాస్. అల్మరాలో కనిపించింది. అనుమతి లేని ఆహారం. నియమం ప్రకారం తినడానికి పనికిరాకుండా చేసి పారేయాలి. మందు కలిపాను. వెనక గుమ్మం దగ్గరి చెత్త సంచిలో వేశాను. కానీ మేడమ్, ఎవరూ పొరబడే వీలు లేదు. మందు నీలం రంగులో ఉంటుంది. చూడగానే తెలుస్తుంది. ముప్పై దేశాల్లో ఇదే పద్ధతి."

ఇన్‌స్పెక్టర్ అందరినీ బల్ల చుట్టూ నిలబెట్టింది. రెండు గ్లాసులు పెట్టించింది. ఒకదాంట్లో కంపెనీ తెల్ల సాస్. రెండోదాంట్లో అక్క ఇవాళ తెచ్చిన ఎర్ర సాస్. రెంట్లోనూ ఫ్రయర్ మందు ఒక్కో మూత పోసింది.

తెల్ల సాస్ ఇట్టే నీలంగా మారింది. పసిపిల్లకి చూపించినా ముట్టదు.

ఎర్ర సాస్ ఎర్రగానే ఉంది.

ఇన్‌స్పెక్టర్ టిష్యూ కాగితం మడిచి, కొసని ఎర్ర గ్లాసులో ముంచి బల్ల మీద పరిచింది. ఎర్రటి మరక నెమ్మదిగా పాకింది. రెండు నిమిషాలయ్యాక దాని అంచున సన్నటి నీలి గీత తేలింది.

"పెన్ను ఇంకు కాదు మేడమ్," అన్నాడు హెడ్ మెల్లగా.

"కాదు." ఇన్‌స్పెక్టర్ ట్రైనరు వైపు తిరిగింది. "మీ పుస్తకం రాసినవాళ్ల వంట తెల్లగా ఉంటుంది. అందులో నీలం కనిపిస్తుంది. ఇక్కడ తినేది ఎర్రగా ఉంటుందని వాళ్లకి తోచలేదు. ఆ కారానికి మందు వాసన, మంట కూడా తాతకి తెలిసుండవు. తెలిసేసరికి ఆలస్యమైపోయింది."

ట్రైనరు ఎర్ర గ్లాసుని దగ్గరికి లాక్కుని మళ్లీ చూశాడు.

"ఇంకొక్క ప్రశ్న," అంది ఇన్‌స్పెక్టర్. "ఇలా పారేస్తే స్టాఫుకి చెప్పాలని మీ పుస్తకంలో లేదా?"

"ఉంది. అందరినీ వెంటనే పిలిచి చెప్పాలి."

"ఎందుకు చెప్పలేదు?"

ట్రైనరు ఓనరు వైపు చూశాడు. "పది ముప్పై ఎనిమిదికి వీరికి ఫోన్ చేశాను. సాస్ సంగతి తనకి మొదటి నుంచీ తెలుసన్నారు. ఇక్కడ పెద్దవాళ్ల తప్పుని మొహం మీద చెప్పరు, ఆవిడ నొచ్చుకుని పని మానేస్తుంది, చూసీ చూడనట్టు ఊరుకోమన్నారు. నేను వచ్చినప్పటి నుంచీ ఇక్కడి పద్ధతి తెలియదని అందరూ అంటారు. ఒక్కసారైనా ఇక్కడివాళ్లలా నడుచుకుందామనుకున్నాను." గోడ మీది షీటు వైపు చూశాడు. "ఆ ఒక్క నియమమే తప్పాను."

వంటింటి వైపే వెళ్లనన్న ఓనరు గుమ్మం వైపు ఓ అడుగు వేశాడు.

"ఇద్దరూ స్టేషన్‌కి రావాలి," అంది ఇన్‌స్పెక్టర్. హెడ్ వాళ్లని జీపు వైపు తీసుకెళ్లాడు.

వంటగదిలో అక్క, ఇన్‌స్పెక్టర్ మిగిలారు.

"అయితే నా సాస్ కాదా అమ్మా?"

"కాదక్కా. మీ సాస్‌లో ఏ దోషమూ లేదు."

అక్క కొంగుతో మొహం తుడుచుకుంది. తుడుచుకున్నకొద్దీ తడుస్తోంది. "పదిన్నరకి తాత సాస్ అడిగాడు. అల్మరా దగ్గరికి వెళ్లి తెద్దామంటే, ట్రైనరు గారు అక్కడే నిలబడి ఉన్నారు. ఇవాళ్టికి లేదు తాతా, ఉత్తిదే తినెయ్ అని ఇంటికెళ్లిపోయాను. ఆ చెత్త సంచి మూతి కట్టేది తాతే. అందులో చూసుంటాడు."

"పొద్దున ఈ సగం బాటిల్ మీకెక్కడ దొరికింది? తాత పక్కనా?"

"కాదమ్మా. నేను వచ్చేసరికి ఐదూ నలభై. నా ఏప్రన్ తగిలించే కొక్కేనికి కవర్లో వేలాడుతోంది."

ఇన్‌స్పెక్టర్ సగం బాటిల్‌ని చేతి రుమాలుతో ఎత్తి చూసింది. చెత్తలో పడిన వస్తువు. కానీ మీద మరకే లేదు. ఎవరో నీళ్లతో కడిగి, పొడిగా తుడిచి, మూత గట్టిగా బిగించారు. కొక్కేనికి అలాగే వదిలేసి ఉంటే, పదకొండింటికి షాపు తెరిచాక పొట్లానికో చెంచా చొప్పున వెళ్లిపోయేది.

"అక్కా, మీ సాస్ ఎవరో పొరపాటున పారేశారనుకున్నాడు తాత. తన ముక్కకి కాస్త వేసుకుని, మిగిలింది మీకోసం కడిగి దాచాడు."

అక్క అక్కడే, తడి నేల మీద, కూలబడిపోయింది. ఇన్‌స్పెక్టర్ బాటిల్‌ని కవర్లో వేసి సీలు పెట్టింది. తర్వాత టోపీ తీసి బల్ల మీద పెట్టి, ఆవిడ పక్కనే నేల మీద కూర్చుంది.