అక్కాచెల్లెళ్ల ముఖం

ఫొటోలు కోసి, అతికించి మనుషుల్ని కలపడం ఆవిడ పని. అందుకే అందరూ అతుకులక్క అనేవారు. ఎడమొహం పెడమొహంగా ఉన్న మొగుడూ పెళ్లాలు వస్తే, ఇద్దరి ఫొటోలనూ నీళ్లలో నానబెట్టి, వెనకున్న కాగితం ఒలిచేసి, మిగిలిన పల్చటి పొరల్ని మైదా జిగురుతో ఒకే ముఖంగా అతికించి ఇచ్చేది. కాపురం నిలబడకపోయినా బొమ్మ మాత్రం నిలబడేది. అసలు ఫొటోలను మాత్రం ముట్టుకునేది కాదు, నకళ్లతోనే పని కానిచ్చేది.

ఆ సాయంత్రం ఆ కట్టుబాటు గాలికొదిలేసింది. చెల్లెలు మాటలు మానేసి ఏళ్లు గడిచాయి. ఎలాగైనా దాన్ని దగ్గర చేసుకోవాలని ప్రాణం కొట్టుకుంటోంది. ఇద్దరి అసలు ఫొటోలే ఒలిచి, తన ముఖం సగం, చెల్లి ముఖం సగం పక్కపక్కన అతికించింది. ఇది చూస్తేనైనా కరుగుతుందని ఆశ.

జిగురు ఆరలేదు. అతుకు వెంట పసుప్పచ్చగా ఊరుతోంది. తుడిస్తే మళ్లీ ఊరింది. వాసన చూసింది... ఛీ! చీము కంపు. మైదా పాడైందేమోలే అనుకుంటూ, చెల్లి చెంప ఉబ్బిన చోట బ్లేడుతో గీరింది. మెత్తగా, వెచ్చగా తెగింది.

ఫోను మోగింది. చెల్లెలు!

"అక్కా... నా చెంప తెగిందే. ఊరికే కూర్చునున్నాను... దానంతటదే..."

బ్లేడు పక్కన పడేసింది. గబగబా నీళ్లు చల్లి, చెల్లి సగాన్ని ఊడదీయబోయింది. అంచు పట్టి ఎత్తితే వెనక జిగురు లేదు. తడి మాంసం. సన్నటి వెంట్రుకలు. తీగలు తీగలుగా సాగుతూ...

"లాగకే!" ఫోన్లో చెల్లెలు కెవ్వుమంది. "ఏం చేస్తున్నావో గానీ లాగకే, నీకు దండం పెడతా!"

వదిలేసింది. వేళ్లకంటిన జిడ్డు సబ్బుతో ఎంత తోమినా పోలేదు.

కాసేపటికి చెల్లెలు గుమ్మంలో నిలబడింది, చెంపకు తడిగుడ్డ అదుముకుని. ఇన్నేళ్లకు వచ్చింది! అక్క పరిగెత్తి వాటేసుకుంది. గుడ్డ జారింది. చెంపకు చెంప ఆనింది. అబ్బ, అదే కంపు... తోసేయాలనిపించింది. ఛీ, సొంత చెల్లెలే అనుకుని ఊపిరి బిగబట్టింది.

వెనక్కి జరగబోతే చెంప రాలేదు.

"మెల్లగా..." గుసగుసలాడింది చెల్లెలు.

కొంచెం కొంచెంగా జరిగారు. జిగటగా చప్పుడు చేస్తూ ఊడింది. నొప్పి లేదు. చెల్లి చెంప మీద గాటు కూడా లేదు. అక్కకు కళ్లనీళ్లు తిరిగాయి.

"అమ్మయ్య! చూసుకో, ఏమీ లేదే!" అంది.

చెల్లెలు చెంప తడుముకుని, నోరారా నవ్వింది.

ఆ నవ్వు అక్క గొంతులోంచి వచ్చింది.