కాటా దగ్గర పక్కమనిషి

ఆ మూతపడిన మిల్లు దగ్గర రాత్రిపూట ఎవరూ ఒంటరిగా నిలబడరు.

పగలు చూస్తే భయపడాల్సిందేం లేదు. తుప్పు పట్టిన గేటు, అద్దాలు పగిలిన కిటికీలు, ఆవరణలో లారీలు తూచే సిమెంటు కాటా... అంతే. పొద్దువాలాకే తంటా. అక్కడ ఆగినవాళ్ళ పక్కన ఒకావిడ వచ్చి నిలబడుతుందట. ఎదురు రాదు. వెనకనుంచి పేరు పెట్టి పిలవదు. ఊరికే పక్కన నిలబడుతుంది — భుజానికి భుజం తగిలేంత దగ్గరగా. తల తిప్పి చూస్తే ఉండదు. తిప్పకపోతే వెళ్ళదు.

మిల్లులో పనిచేసేదనీ, జడ మిషను బెల్టులో చిక్కుకుని పోయిందనీ కొందరు చెబుతారు. అలాంటిదేం జరగలేదు, అంతా కట్టుకథ అని ఇంకొందరు కొట్టిపారేస్తారు. కొట్టిపారేసేవాళ్ళు కూడా చీకటి పడ్డాక అటు పోరు.

అలాంటి చోటుకి చీకటిని వెతుక్కుంటూ వెళ్ళాడు మనవాడు.

మనవాడు బస్సు డ్రైవరు. రాత్రి సర్వీసు. చివరి ట్రిప్పు మిల్లు గేటు దగ్గర ఆగేది, మళ్ళీ కదలడానికి బోలెడంత టైముండేది. కండక్టరు సీటు మీద కాళ్ళు బారజాపి గుర్రుపెట్టేవాడు. డ్రైవరు మాత్రం బానెట్ మీద కూర్చుని పైకి చూసేవాడు. ఊళ్ళో లైట్ల వెలుగు అంతదూరం రాదు. పైన ఆకాశం నిండుగా ఉండేది. అలా చూసి చూసి ఆయనకి పిచ్చి పట్టింది. ఓ చిన్న టెలిస్కోపు కొన్నాడు. దాని కిందకి కొత్తగా నేర్చుకునేవాళ్ళు వాడే చిన్న మోటారు మౌంటు కొన్నాడు. భూమి తిరుగుతుంటే నక్షత్రం జారిపోకుండా, ఆ మోటారు టెలిస్కోపుని నెమ్మదిగా నక్షత్రం వెంటే తిప్పుతుంది. పాత కెమెరా ఒకటి దానికి తగిలించాడు. డ్యూటీ లేని రాత్రుళ్ళు మిల్లు కాటా మీద కాపరం పెట్టాడు. కాటా సమంగా ఉంటుంది, కాళ్ళ స్టాండు కదలదు.

మొదట్లో ఏదీ కుదిరేది కాదు. మౌంటుని ధ్రువ నక్షత్రానికి సరిగ్గా గురిపెట్టకపోతే చుక్కలన్నీ గీతలైపోతాయి. కుదిరిందనుకుంటే లెన్సు మీద మంచు పట్టేస్తుంది. ఒక్క ఫొటోతో పని జరగదు, బోలెడు తీసి ఒకదాని మీద ఒకటి పేర్చాలి. అవన్నీ తీశాక కెమెరాకి మూతపెట్టి వట్టి చీకటిని కూడా ఫొటో తీయాలి — ఆ చీకట్లో కెమెరా సొంతంగా పుట్టించే మచ్చల్ని లెక్కగట్టి, అసలు ఫొటోలోంచి తీసేయడానికి.

"మూతపెట్టి ఫొటో తీసేవాణ్ణి నిన్నొక్కణ్ణే చూశానన్నా," అని కండక్టరు పడీపడీ నవ్వాడు.

"నవ్వు, నవ్వు. ఆ గెలాక్సీ దొరికిన రోజున చూస్తా నీ సంగతి."

ఆయన వెంటపడింది ఆండ్రోమెడా గెలాక్సీ కోసం. కంటికి అది చిన్న మసక మరకలా కనిపిస్తుంది. దాన్ని చూడటానికి ఒక కిటుకుంది: సూటిగా చూడకూడదు. కాస్త పక్కకి చూస్తూ, కంటి వారనుంచి దాన్ని పట్టుకోవాలి. మసక వస్తువులన్నీ అంతే. సూటిగా చూస్తే మాయమవుతాయి, వారగా చూస్తే వస్తాయి. మొదటిసారి అలా చూసిన రాత్రి మనవాడు కండక్టర్ని లేపి మరీ చూపించాడు. ఇద్దరూ మెడలు పట్టేసేదాకా చూశారు.

తర్వాత కొన్నాళ్ళకి... ఆవిడ వచ్చింది.

ఆ రాత్రి గెలాక్సీకి కుడిగా ఉన్న చుక్క మీద చూపు నిలిపి, వారగా మరక కోసం చూశాడు. మరక లేదు. దాని చుట్టూ ఉండాల్సిన చుక్కలూ లేవు. ఎడం పక్కన ఆకాశం మనిషి వెడల్పున ఖాళీగా ఉంది — ఎవరో నిలబడి అడ్డమైనట్టు.

గబుక్కున తల తిప్పాడు. ఎవరూ లేరు. చుక్కలన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి.

మబ్బేమో అనుకున్నాడు. మంచేమో అనుకుని కళ్ళజోడు తీసి చొక్కాతో తుడిచి పెట్టుకున్నాడు. మళ్ళీ కుడివైపు చుక్క మీదికి చూపు పోనిచ్చాడు... మళ్ళీ వచ్చి నిలబడింది.

మనవాడికి పై ప్రాణాలు పైనే పోయాయి. సామాను సర్దుకోకుండానే ఇంటికి పరుగెత్తాడు. తెల్లారాక కండక్టరే వెళ్ళి మౌంటు, కెమెరా తెచ్చిపెట్టాడు.

"చెప్తే విన్నావా అన్నా? ఆవిడ చోటు అది," అన్నాడు గొంతు తగ్గించి. ఈసారి నవ్వలేదు.

అక్కడితో ఆగితే బాగుండేది. ఆవిడ ఇంటికీ వచ్చింది. గుమ్మం దాటుతుంటే ఎడం భుజం పట్టుకుని ద్వారబంధానికేసి కొట్టేది. పక్కన పెట్టుకున్న మంచినీళ్ళ గ్లాసు తన్నేసేది. భార్య ఒకటే సణుగుడు — కంచంలో ఓ పక్క అన్నం అలాగే వదిలేస్తున్నారేంటండీ, నా వంట అంత చేదైపోయిందా అని. మనవాడు ఏమని చెబుతాడు?

ఆ తర్వాత ఆవిడ బస్సూ ఎక్కింది.

మొదట అద్దం పోయింది. ఎడం పక్కన ఆగివున్న లారీ, అప్పటిదాకా లేనేలేదు! తర్వాత డిపో గేటు స్తంభం బస్సు ఒళ్ళంతా గీరేసింది. ఆఖరికి ఒక సాయంత్రం, నిండు బస్సుతో మలుపు తిరుగుతుంటే కండక్టరు గావుకేక పెట్టాడు. మనవాడు బ్రేకు మీద నిలబడ్డాడు. ముందు చక్రం పక్కనే, చేతిలో సంచి పట్టుకుని ఒక ముసలాయన బిగుసుకుపోయి ఉన్నాడు. ఇంకో జానెడు కదిలితే అయిపోయేవాడు.

"ఆయన లేడు! ఒట్టు, అక్కడెవరూ లేరు! పక్కనుంచి పుట్టుకొచ్చాడు!" అని మనవాడు అరిచాడు.

బస్సులో ఎవరూ నమ్మలేదు. డిపోలో అసలే నమ్మలేదు. రాత్రంతా చుక్కలు చూస్తాడంటే అవి పైనున్న చుక్కలో సీసాలో చుక్కలోనని ఒకరు వెటకారం చేశారు. స్టీరింగు తీసేసి షెడ్డులో బస్సులు కడిగే పనిలో పెట్టారు. సోమవారం మేనేజరు ముందుకి రమ్మన్నారు. ఏం చెబుతావో ఆలోచించుకో, నమ్మేట్టు చెప్పకపోతే ఇక స్టీరింగు ఊసెత్తకు అన్నారు.

మనవాడికి బతుకంటే బస్సే. పెళ్ళికి ముందునుంచీ అదే సీటు. ఆ సీటు పోతే తను ఎవరో తనకే తెలియదు. పడుకుంటే నిద్ర లేదు. షెడ్డులో పైపు పట్టుకుని బస్సు కడుగుతూ, ఎవరూ చూడకుండా దాని తలుపుకి నుదురు ఆనించి ఏడ్చాడు. అలా ఏడుస్తుండగానే ఒక ఆలోచన తట్టింది.

కంటికి సరిగ్గా ఆనని గెలాక్సీనే పట్టుకునే కెమెరా... పక్కన నిలబడేదాన్ని పట్టుకోదూ?

ఆవిడ ఎప్పుడూ నిలబడేది ఆ మరక దగ్గరే. అక్కడికే టెలిస్కోపు గురిపెడితే, ఆవిడ అడ్డంగా నల్లగా పడుతుంది. ఆ ఫొటో తీసుకెళ్ళి మేనేజరు బల్ల మీద పెడతాడు. "చూడండి సార్, నేను తాగలేదు, నిద్రపోలేదు. ఇదిగో, ఇది నన్ను పట్టుకుంది," అంటాడు. నవ్వితే నవ్వనీ. పిచ్చివాడంటే అననీ. తప్పు తనది కాదని తేలితే చాలు.

ఆ రాత్రి సామాను సర్దుతుంటే భార్య అడ్డం పడింది. ఇక దాచలేక అంతా కక్కేశాడు. భార్య ఒక్క ముక్కా వదలకుండా వింది. చివరికి కొంగు దోపుకుని లేచింది.

"పదండి. నా మొగుడి పక్కన నిలబడే ఆ మహాతల్లెవరో నేనూ చూస్తాను."

మిల్లు దగ్గర గాలి స్తంభించిపోయింది. పైన చుక్కలు మాత్రం ఎప్పటిలాగే కిక్కిరిసి ఉన్నాయి. మనవాడు పని తప్పలేదు: స్టాండు నిలబెట్టడం, మౌంటుని ధ్రువ నక్షత్రానికి గురిపెట్టడం, చుక్క ఒకటి దొరికించుకుని దానిమీద ఫోకస్ సరిచేయడం. భార్య చిన్న ఎర్ర టార్చి పట్టుకుంది. తెల్ల వెలుగు పడితే చీకటికి అలవాటైన కళ్ళు చెడిపోతాయని ఆయన ఎర్రదే వాడతాడు. గురి కుదిరాక ఆర్పెయ్యమన్నాడు.

మోటారు సన్నగా మూలుగుతోంది. కెమెరా టక్కుమని తెరుచుకుంది... ఆగి ఆగి మూసుకుంది... మళ్ళీ తెరుచుకుంది.

మనవాడు స్టూలు మీద కూర్చుని చూపు కుడివైపు చుక్క మీద నిలిపాడు.

వచ్చింది.

ఇదివరకంత సన్నగా లేదు. సగం ఆకాశం తినేసింది. మిల్లు చిమ్నీ ఎడమంచు కూడా కనబడటం లేదు.

"నిలబడింది..." అన్నాడు పెదవులు కదపకుండా. "కదలకు. నా ఎడం పక్కనే ఉంది. నువ్వు ఇటు కుడిపక్కకి వచ్చెయ్... మెల్లగా."

కుడిపక్కకి అడుగుల చప్పుడేం రాలేదు.

"వినబడిందా?"

"వినబడిందండీ," అంది భార్య. గొంతు ఎటునుంచి వచ్చిందో ఆయనకి తెలియలేదు. "ఇప్పుడూ ఉందా?"

"ఉంది."

"ఎంత దగ్గర?"

"చెంప దగ్గర..."

అనగానే ఎడం చెంప మీద గాలి ఆడింది. ఒకసారి. మరోసారి. ఎవరో ఊపిరి వదిలినట్టు. అయినా తల తిప్పలేదు. తిప్పితే వెళ్ళిపోతుంది. ఫొటో పూర్తవ్వాలి. పళ్ళు బిగబట్టి కూర్చున్నాడు. ఉండు... ఉండు... ఇవాళ నువ్వు దొరికావు.

కెమెరా ఆఖరి టక్కు కొట్టి ఆగిపోయింది.

ఒక్క దూకులో వెళ్ళి వెనకున్న చిన్న తెర వెలిగించాడు. మొదట కళ్ళు చెదిరాయి. తెర కుడికీ ఎడమకీ తిప్పి తిప్పి చూశాడు.

గెలాక్సీ పడింది. నడుమ ముద్దగా వెలుగు, దాని చుట్టూ ఏటవాలుగా పరుచుకున్న పల్చటి వెలుతురు, పక్కన బుల్లి గెలాక్సీ కూడా. చుట్టూ చుక్కలు గుండ్రంగా, ఒక్కటీ గీత కాకుండా. ఇన్నాళ్ళూ ఆయన కలలుగన్న ఫొటో అది. వెనక్కి జరుపుతూ అన్నీ చూశాడు. దేంట్లోనూ అడ్డం లేదు. నలుపు లేదు. మనిషి లేదు.

"లేదు..." అన్నాడు. కాటా మీద కూలబడ్డాడు. "దేంట్లోనూ లేదే! నా కళ్ళముందే నిలబడిందే! సోమవారం నేనేం చూపించాలి? ఏం చెప్పాలి?"

భార్య వచ్చి ఆయన ఎదుట మోకాళ్ళ మీద కూర్చుంది.

"నేను కుడిపక్కకి రాలేదండీ. మీ ఎడం పక్కనే నిలబడ్డాను. మీ చెంప దగ్గర చెయ్యి ఊపాను."

"నువ్వా?"

"నేనే. అక్కడ ఇంకెవరూ లేరు." ఎర్ర టార్చి వెలిగించి ఆయన మొహానికి ఎదురుగా పట్టుకుంది. "నా మొహంలోకే చూడండి. తల తిప్పకండి. లైటు కనిపిస్తోందా?"

"ఆఁ."

టార్చి పట్టుకున్న చేతిని మెల్లగా ఆయన ఎడమవైపుకి జరిపింది. కొంచెమే.

"ఇప్పుడో?"

"ఎందుకు ఆర్పేశావ్?"

భార్య బుగ్గలమీద నీళ్ళు ఎర్రగా మెరవడం కనబడింది మనవాడికి.

"నేను ఆర్పలేదండీ..."

తల తిప్పి చూశాడు. ఆవిడ చేతిలో ఎర్ర లైటు వెలుగుతూనే ఉంది.

ఆ చెయ్యి రెండు చేతులా పట్టుకున్నాడు. ఆరింది లైటు కాదు, తన ఎడం పక్క చూపు.

"నిండు బస్సే... బస్సు నిండా జనాన్ని పెట్టుకుని తోలానే..."